నూట ఎనభై డిగ్రీల బల్ల

కర్రకు జ్వరం రావాలని మా మండలంలో ఉత్తర్వు వచ్చింది. మామూలు జ్వరం కాదు. నూట ఎనభై డిగ్రీలు.

సంగతి ఇది. పైనున్న పెద్దమనిషి ఒకరు ఏదో చలిదేశం వెళ్లారు. అక్కడ ఒక తోటలో కర్రబల్ల మీద కూర్చున్నారు. బల్ల బెల్లం రంగులో ఉంది. ఇరవై ఏళ్లుగా వానలో, మంచులో పడి ఉన్నా చెద పట్టలేదు, వంకర పోలేదు. ఏమిటి రహస్యమని అడిగారు. గాలి చొరని గదిలో పెట్టి, మంట తగలకుండా వేడి మాత్రం తగిలిస్తామని వాళ్లు చెప్పారు. అలా చేస్తే కర్రలో చెదలకు తిండి ఉండదు. నీళ్లు తాగే గుణం తగ్గుతుంది. పెద్దమనిషి పరవశించారు. విమానం దిగేలోపు పథకం తయారైంది. పేరు ఉష్ణశుద్ధ దారు పథకం. దారువంటే కర్రే. బహిరంగ ప్రదేశంలో ఉండే కర్ర యావత్తూ గుర్తింపు పొందిన ఉష్ణ కేంద్రంలో నూట ఎనభై డిగ్రీల వేడి పొంది, ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కర్ర నేరం.

ఉష్ణ కేంద్రం మాత్రం ఎక్కడా కట్టలేదు. పైకప్పు ముందు వేసి గోడలు తర్వాత లేపడం మా వడ్రంగులకు చేతకాదు. ఆఫీసులకు చేతనవుతుంది.

పని మంచిదే, కాదనను. మా తాత కంచె గుంజలు పాతేముందు వాటి మొదళ్లు నిప్పుల్లో మాడ్చేవాడు. ముప్పై ఏళ్లు నిలిచేవి. ఆయనకు పథకం లేదు. నిప్పు ఉంది.

నాకు ఒక బల్ల కావలసి ఉంది. మా ఊరు గుండ్లమడుగు. మా బస్టాపు అంటే రోడ్డు పక్కన ఒక ఇనప స్తంభం, దానికి ఊరి పేరు రాసిన రేకు. నీడ లేదు. కూర్చునే చోటు లేదు. పోయిన ఏడు వైశాఖ బహుళ పంచమి నాడు నా భార్య పున్నమ్మ ఆస్పత్రికి పోవడానికి అక్కడ గంటన్నర నిలబడింది. బస్సు రాలేదు. స్తంభం పట్టుకుని కిందికి జారింది. ఆ సమయంలో నేను సర్పంచి గారి అల్లుడి మంచానికి పాలిష్ పెడుతున్నాను.

వడదెబ్బ అని కాగితం మీద రాయమన్నాను. ఆ రోజు ఆ స్తంభం దగ్గర ఎంత వేడి ఉందో కొలిచిన ఆధారం ఉందా అని, చావు రాసుకోవడానికి పంచాయతీ నుంచి వచ్చినాయన అడిగాడు. లేదు. సహజ మరణం అని రాసి, పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నలభై ఏళ్లలో ఊరందరికీ కుర్చీలు చేశాను. ఆ స్తంభం దగ్గర ఒక్క బల్ల వేయలేదు. ఈ సంవత్సరీకం నాటికి వేయాలి. అంతకు మించి నాకు ప్రభుత్వంతో పని లేదు.

ఉత్తర్వు ప్రకారమే చేద్దామనుకున్నాను. అది నా మొదటి తప్పు.

నా నేస్తం మాలకొండయ్యకు పొగాకు బ్యారన్ ఉంది. ఆకు ఎండబెట్టడానికి మాఘమాసమంతా దాని పొయ్యి మండుతూనే ఉంటుంది. మా పెరటి వేపచెట్టు పోయినేడు గాలికి పడిపోతే కోయించిన చెక్కలు నా దగ్గర ఉన్నాయి. వాటిని ఇనప పెట్టెలో పేర్చి, మూత సందులు బంకమట్టితో మెత్తి, ఆ పొయ్యి మీద పెట్టించాను.

"ఏంది ఆచారీ, పొగాకు పండేచోట వేపచెక్క పండిస్తన్నావు? వేలంలో దీనికి ఏ గ్రేడు ఇస్తారంటా?" అన్నాడు మాలకొండయ్య.

"పండించడం కాదు. జ్వరం తెప్పిస్తున్నా."

"జ్వరానికి ఇంత తతంగం దేనికబ్బా? మా ఇంటిదాన్ని పిలువు. ఒక్క మాటతో తెప్పిస్తది," అని నవ్వి, నా ముఖం చూసి, పొయ్యిలో పుల్లలు ఎగదోయడానికి వంగాడు. చాలాసేపు లేవలేదు.

మొదటి పెట్టె బొగ్గయింది. మాలకొండయ్య భార్య దాన్ని ఇస్త్రీకి పట్టుకుపోయింది. రెండో పెట్టె కుదిరింది. మూత తీస్తే పాకం మాడిన వాసన. తెల్లటి వేపచెక్క తాటిబెల్లంలా వచ్చింది. తేలికైంది. గోటితో కొడితే గంటలా మోగింది. అయితే వేడి తిన్న కర్రకు రోషం ఎక్కువ. మేకు దించితే అప్పడంలా పగిలింది. ముందు సన్నగా బెజ్జం వేసి, స్క్రూ మెల్లగా తిప్పాలి. బతిమాలినట్టు తిప్పాలి. అలాగే తిప్పాను. కానుగనూనె పట్టించాను. కాళ్లు మట్టికి తగలకుండా నాపరాళ్ల మీద నిలబెట్టాను. వీపు ఆనించుకోవడానికి వాలు పెట్టాను. పున్నమ్మకు నడుంనొప్పి ఉండేది.

చైత్రమాసంలో బల్ల స్తంభం పక్కకు చేరింది. నాలుగు రోజులు జనం కూర్చున్నారు. అయిదో రోజు జీపు వచ్చింది.

జీపులోంచి ఉష్ణశుద్ధ దారు విభాగం సహాయ సంచాలకులు పరాంకుశం గారు దిగారు. వెనక జిలానీ అనే బంట్రోతు ఒక పెట్టె మోసుకుని దిగాడు. పెట్టెలో ముద్ర. పరాంకుశం గారి చేతిలో తుపాకీ లాంటి యంత్రం. దాన్ని గురిపెడితే ఎదుటి వస్తువు వేడి ఎంతో అంకె చూపిస్తుంది. ఆయన బల్లకు గురిపెట్టారు. బల్ల మీద కూర్చున్న ఇద్దరు చేతులు పైకెత్తారు.

"యాభై ఒకటి," అన్నారు. "నిర్ణీత ప్రమాణానికి నూట ఇరవై తొమ్మిది డిగ్రీల లోటు నమోదైనది."

"అయ్యా, నేను వేడి పెట్టింది మాఘంలో. ఇప్పటికి చల్లారదా?"

"చల్లారిన ఉష్ణాన్ని శాఖ గుర్తించజాలదు. మీరు వేడి పెట్టి ఉండవచ్చు. ఆ వేడికి ఆధారమేది?"

ఈ మాట నేను ముందే విన్నాను. మరో నోటినుంచి.

"సరే. ఆ యాభై ఒకటి అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి," అన్నాను.

"ఏ ప్రయోజనార్థం?"

"ఈ చోట నిలబడితే మనిషి చస్తాడని చెప్పడానికి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఇది బల్ల యొక్క ఉష్ణోగ్రత. బస్టాపు యొక్క ఉష్ణోగ్రత మా పరిధిలోకి రాదు. మాది దారు విభాగం."

బల్లను సీజు చేశారు. తీసుకుపోవడానికి లారీ మంజూరు కాలేదు గనక అక్కడే ఉంచారు. చుట్టూ ఎర్ర తాడు కట్టి, కూర్చోరాదు అని అట్ట వేలాడదీశారు. ఎవరూ కూర్చోకుండా చూడటానికి జిలానీని కాపలా పెట్టారు. జిలానీ కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు.

ఇక చూడండి. ఎండలో జనం నిలబడి ఉంటారు. మధ్యలో ఖాళీ బల్ల. దాని పక్కన కుర్చీలో జిలానీ. బస్సు కోసం వచ్చిన పరాయి ఊరివాళ్లు అది ఎవరిదో సమాధి అనుకుని దండం పెట్టి పోయేవారు. ఒకామె కొబ్బరికాయ కొట్టింది. ఆ చిప్పలు జిలానీ తిన్నాడు.

నేను రోజూ పొద్దున పరాంకుశం గారి ఆఫీసుకు పోయేవాణ్ణి. ఉష్ణ కేంద్రం ఎక్కడుందో చెప్పండి, మోసుకుపోతాను అనేవాణ్ణి. కేంద్రం త్వరలో రాబోవుచున్నది అనేవారు. వైశాఖ పంచమి కూడా రాబోవుచున్నది అనేవాణ్ణి. పంచమికి గడువు పొడిగించే అధికారం తమకు లేదనేవారు.

ఈలోగా పరాంకుశం గారికి ఉత్సాహం పెరిగింది. ఉత్తర్వులో కర్ర అని ఉంది గాని, ఏ కర్రో లేదు. బహిరంగం అని ఉంది గాని, ఎక్కడిదాకానో లేదు.

మొదట బండి కాడిమానులు పోయాయి. తర్వాత వేపపుల్లలు. అరుగు మీద కూర్చుని పళ్లు తోమడం బహిరంగ ప్రదేశంలో ముద్ర లేని కర్రను వినియోగించడమని తేలింది. ఊరు ఊరంతా తలుపులు వేసుకుని పళ్లు తోముకుంది. ముసలి సుబ్బులు చేతికర్ర పట్టుకుని రచ్చకు వచ్చింది.

"అవ్వా, ఆ దారువును విడువుము," అన్నారు పరాంకుశం గారు.

"ఎవడ్రా దారువు? నా కాడ దారూ లేదు గీరూ లేదు. కర్ర ఇడిస్తే పడతాను. నువ్వు మోస్తావా?"

నియమం ప్రకారం జిలానీ మోశాడు. ఇంటికి చేరాక అవ్వ మళ్లీ అంగడికి పోవాలంది. మూడు రోజుల్లో సుబ్బులవ్వ పుట్టి బుద్ధెరిగాక చూడని వీధులన్నీ చూసింది.

తర్వాత బడి. ఆవరణ బహిరంగ ప్రదేశం. పెన్సిలు కర్ర. హెడ్మాస్టరు నూట పన్నెండు పెన్సిళ్లు పోగుచేసి, మధ్యాహ్న భోజనం కుక్కర్లో పెట్టి, ఆరు విజిళ్లు రానిచ్చాడు. ఆ రోజు సాంబారు నల్లగా వచ్చింది. బెత్తం కూడా సీజయింది. పథకానికి పిల్లల్లో విశేష ఆదరణ ఉన్నదని పరాంకుశం గారు నివేదిక పంపారు. అది నిజం.

ఆ తర్వాత చెట్లు. చెట్టు అంటే ముద్ర లేకుండా నిలబడి ఉన్న కర్ర అని ఆయనకు ఒక తెల్లవారుజామున స్ఫురించిందట. రోడ్డు పక్క చెట్లన్నిటికీ నోటీసులు అంటించారు. పదిహేను రోజుల్లోగా తమంతట తాము ఉష్ణశుద్ధి పొందాలి, లేనిచో ఎందుకు నిలబడి ఉన్నారో సంజాయిషీ ఇవ్వాలి. ఒక్క చెట్టూ జవాబు ఇవ్వలేదు. ధిక్కారమని రాసుకున్నారు.

మాలకొండయ్య ఊరుకునే మనిషి కాదు. ఆఫీసుకు వచ్చి, ముద్ర పెట్టెలోకి తొంగిచూశాడు.

"సారూ, మీ ముద్రకు పిడి ఉందే, అది ఏంది?"

"పిడి."

"దేనితో చేశారు?"

పరాంకుశం గారు ముద్రను పైకెత్తి చూశారు. కర్రపిడి. తిప్పి చూశారు. ముద్ర లేదు. ఆఫీసు బహిరంగ ప్రదేశమేనని ఆయనే పోయిన వారం రాసి ఉన్నారు.

"ఆ ముద్రతోనే దాని పిడికి ముద్ర వేసుకోరాదా సారూ?" అన్నాడు జిలానీ.

"వేడి పెట్టకుండా ముద్ర వేయుట అవినీతి," అన్నారు పరాంకుశం గారు. ఆయన నిజాయితీపరుడు. మా ఖర్మ అది. లంచగొండి అయితే ఏనాడో ఇచ్చి బల్ల తెచ్చుకునేవాణ్ణి.

ముద్రను బేకరీవాడి పొయ్యిలో పెట్టించారు. నూట ఎనభై డిగ్రీలు రాగానే బయటికి తీశారు. పిడి బాగా వచ్చింది, బెల్లం రంగు. అడుగున రబ్బరు లేదు. అది బిస్కట్ల మీద పడింది. ఆ బిస్కట్లు తిన్నవాళ్లు తాము శుద్ధమయ్యామని చెప్పుకుని తిరిగారు.

కొత్త ముద్ర రావాలంటే పాత ముద్రతో దరఖాస్తు మీద ముద్ర వేయాలి. అంతటితో మండలంలో ఏ కర్రకూ విముక్తి లేకుండా పోయింది. పంచమికి ఇక మూడు రోజులు.

ఆ రోజే మాలకొండయ్య పెదనాన్న పోయాడు. తొంభై ఒకటి. మంచి చావు. తప్పెట్లతో తీసుకుపోయాం. శ్మశానంలో కాటికాపరి ఓబులేసు చితి పేర్చి ఉంచాడు. తలకొరివి ఎత్తేలోపు జీపు వచ్చింది.

"నిలుపుడు," అన్నారు పరాంకుశం గారు. "ఇచ్చట పేర్చబడినది ఏమిటి?"

"చితి సారూ."

"పదార్థం?"

"తుమ్మ."

"ముద్ర?"

మాలకొండయ్య భుజం మీది కుండ దించాడు. "సారూ, దాన్ని కాల్చబోతన్నాం!"

"కాల్చుటకు పూర్వం వేడి చేశారా?"

"కాలిస్తే వేడెక్కదా సారూ?" అన్నాడు ఓబులేసు.

"అది అనంతర ఉష్ణం. నియమంలో పూర్వ ఉష్ణం అని ఉన్నది. ముందు ఈ కట్టెలను శుద్ధి చేసి, చల్లార్చి, ముద్ర వేయించి, తదుపరి దహనం చేసుకొనవచ్చును."

"ముద్రను మీరే కాల్చుకున్నారు గదయ్యా!" అని మాలకొండయ్య అరిచాడు. "మా పెదనాన్న ఏం చెయ్యాల? లేచి ఇంటికి రావాల్నా?"

"ఆ విషయమై పైకి రాస్తాను."

ఓబులేసు నలభై ఏళ్లుగా అక్కడే ఉన్నవాడు. అధికారులందరూ చివరికి తన దగ్గరికే వస్తారని అతని ధీమా. నెమ్మదిగా పరాంకుశం గారిని పక్కకు తీసుకుపోయాడు. పొద్దున తగలబెట్టిన మరో చితి అక్కడ ఇంకా కణకణలాడుతోంది.

"సారూ, మీ తుపాకీ ఒకసారి దానికి చూపించండి."

పరాంకుశం గారు గురిపెట్టారు. అంకె చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. ఆరువందల నలభై. ఉద్యోగంలో చేరాక ఆయన నూట ఎనభై దాటిన అంకె ఎన్నడూ చూడలేదు. యంత్రాన్ని గుండెకు హత్తుకున్నారు.

"ఇన్నాళ్లు ఎక్కడున్నావయ్యా?" అన్నారు ఓబులేసుతో.

"ఇక్కడే సారూ. మీరే రాలేదు."

అక్కడికక్కడ, పాడె మీద కాగితం ఆనించి ఉత్తర్వు రాశారు. గుండ్లమడుగు శ్మశానవాటికను రాష్ట్రంలోనే ప్రప్రథమ ఉష్ణ కేంద్రంగా గుర్తించడమైనది. ఇక్కడి రిజిస్టరులో నమోదైన సమస్తమూ శుద్ధమైనదిగా భావించబడును. ముద్ర లేనందున, ఇక్కడి నమోదుపై పంచాయతీ ఇచ్చు మరణ ధ్రువీకరణ పత్రమే శుద్ధి పత్రముగా చెల్లును. పంచాయతీ కార్యదర్శి గారి ముద్రకు ఇత్తడి పిడి. దానికి ఏ నియమమూ తగలదు.

రిబ్బను కోసం జీపు పరిగెత్తింది. చితికి రిబ్బను కట్టారు. పరాంకుశం గారు కత్తిరించారు. తప్పెట్లు ఎలాగూ ఉన్నాయి. ఫోటోలో మాలకొండయ్య పెదనాన్న మధ్యలో ఉన్నాడు. కింద 'మొదటి లబ్ధిదారు' అని రాశారు. బతికుండగా ఆయనకు వృద్ధాప్య పింఛను రాలేదు.

నేను ఉత్తర్వు మూడుసార్లు చదివాను. నేను చదివింది అయిదో తరగతి. అది చాలింది.

పంచమి నాడు పొద్దున్నే బస్టాపుకు పోయాను. జిలానీ కుర్చీలో కునుకుతున్నాడు.

"లే. బల్లను ఉష్ణ కేంద్రానికి తీసుకుపోవాలి."

"శ్మశానానికా ఆచారీ?"

"ఉత్తర్వు చూసుకో."

చూసుకున్నాడు. పాపం, ఒక కొస తనే పట్టుకున్నాడు. ఇంకో కొస మాలకొండయ్య. నేను ముందు నడిచాను. దారిలో ఎవరో ఎదురొచ్చి, చెప్పులు విడిచి పక్కకు జరిగారు.

ఓబులేసు బల్లను నిప్పుల సెగకు అటూ ఇటూ చూపించాడు. మూడుసార్లు చుట్టూ తిప్పుతానన్నాడు. అక్కర్లేదన్నాను. రిజిస్టరు తెరిచాడు. పరాంకుశం గారు అప్పటికే అక్కడ ఉన్నారు. కేంద్రం పెట్టాక ఆయన ఆఫీసు అక్కడికే మార్చుకున్నారు. ఒక గోరీ మీద ఫైళ్లు పెట్టుకున్నారు. అది రాయి. నియమం తగలదు.

"పేరు?" అన్నాడు ఓబులేసు.

"బల్ల."

"వయసు?"

"మూడు నెలలు."

"అయ్యో పసిది," అన్నాడు మాలకొండయ్య.

"తండ్రి పేరు?"

"సోమలింగాచారి."

"ఆడా, మగా?"

ముగ్గురూ వంగి బల్ల కిందికి చూశారు. జిలానీ తల గోక్కున్నాడు. "కాళ్లు నాలుగు అని రాసెయ్," అన్నాడు మాలకొండయ్య. అలాగే రాశాడు.

"మరణ కారణం?"

"వేడి," అన్నాను.

ఓబులేసు కలం ఆగింది. తల ఎత్తలేదు. "వేడి అంటే ఒప్పుకోరు గదా ఆచారీ. పోయినేడు మన పున్నమ్మొదినకు..." అని ఆగిపోయాడు.

మాలకొండయ్య బల్ల మీద లేని దుమ్ము దులిపాడు.

"ఏల ఒప్పుకోరు?" అని పరాంకుశం గారు గోరీ దిగి వచ్చారు. "ఇటు ఇవ్వుము." కలం లాక్కుని, గుండ్రటి అక్షరాలతో, ఒత్తులన్నీ సరిగా పెట్టి, స్వయంగా రాశారు. మరణ కారణము: అధిక ఉష్ణము. యంత్రాన్ని నిప్పులకు గురిపెట్టి, అది చూపిన అంకె పక్కన వేశారు. కింద సంతకం. "ఆధారం ఉన్నప్పుడు శాఖ ఎన్నడూ వెనుదీయదు," అన్నారు.

పంచాయతీ ఆఫీసులో అరగంటలో పత్రం ఇచ్చారు. ఇత్తడి పిడి ముద్ర ఠక్కుమని పడింది. చనిపోయినవారి మీద సీజు చెల్లదు గనక జిలానీ ఎర్ర తాడు విప్పేశాడు. దాన్ని ఏం చేయాలో తెలియక నడుముకు కట్టుకున్నాడు.

పదకొండు గంటలకు బల్ల మళ్లీ స్తంభం పక్కన నాపరాళ్ల మీద నిలబడింది. సుబ్బులవ్వ కూర్చుంది. ఆస్పత్రి చీటీ పట్టుకున్న ఒక చూలాలు కూర్చుంది. వాళ్ల పక్కన జిలానీ కూర్చున్నాడు. మాలకొండయ్య తాటాకులు తెచ్చి పందిరి వేశాడు. బస్సు ఆ రోజు గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎవరూ కిందికి జారలేదు.

ఇంటికి వచ్చి, కొత్త పత్రాన్ని పున్నమ్మ పాత పత్రం పక్కన పెట్టాను. రెండిటి మీదా అదే ఆఫీసు పేరు, అదే ఇత్తడి పిడి ముద్ర. మళ్లీ మళ్లీ చదివాను. తప్పులు లేవు.

బల్ల వేడికి పోయింది. నా భార్య ఊరికే పోయింది.